తిరిగిచ్చిన బెల్లం

దుర్గ పొడిబస్తా మీద బోర్లా పడింది. దగ్గు ఆగలేదు. తెల్లటి పొడి మీద ఎర్రగా రక్తం. ముక్కుకి గుడ్డ కట్టుకున్న కాంట్రాక్టరు జగన్నాధం పరుగున వచ్చి ముందు బస్తాను చూశాడు.

"పక్కకి లాగండే! మచ్చ పడితే ప్లాస్టిక్ కంపెనీవోడు లోడంతా తిప్పి పంపేస్తాడు."

నేనేం చేశాను? కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసి దుర్గ నోట్లో పెట్టాను. "సప్పరించమ్మా, దిగిపోద్ది" అన్నాను. లారీ ఆగి ఉందని, ఆమె బదులు పొడి దిగే గొట్టం కింద నిలబడి తరువాతి బస్తా పట్టాను.

గరివిడి దగ్గర మా మిల్లు. బలపం రాయిని పిండికన్నా మెత్తగా ఆడించి ప్లాస్టిక్ కంపెనీలకు పంపుతారు. ఈ పొడి కలిపితే కుర్చీ కాలు వంగదు, బకెట్టు వేడినీళ్ళకు మెత్తబడదు. ప్లాస్టిక్ ఖర్చూ తగ్గుతుంది. తడి తగిలితే పొడి పనికిరాదని నీళ్ళు చల్లనివ్వరు. దుమ్ము లాగే పెద్ద ఫ్యాను ఉంది గాని, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజే తిరుగుతుంది. మిగతా రోజుల్లో మాకు బెల్లమే. బెల్లం తింటే దుమ్ము గొంతులోంచి జారిపోతుందని మా అందరి నమ్మకం. టీ వేళ కాంట్రాక్టరు ఇచ్చే అచ్చు పగలగొట్టి పంచే పని నాది. హుద్‌హుద్ తుఫానుకు జీడితోట నేలకూలి పని పోయిన దుర్గను మిల్లుకు తెచ్చిందీ నేనే. మొదటి ముక్క పెట్టిందీ నేనే.

విజయనగరం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దుర్గ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది.

"టీబీ మందులు ఎవరిచ్చారు?"

"కాంట్రాక్టరు తెచ్చిన డాక్టరు."

"ఇది టీబీ కాదు. రాతిపొడి పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మళ్ళీ మామూలు కావు."

"రోజూ బెల్లం తింటాదమ్మా. నేనే పెడతన్నాను."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "బెల్లం కడుపులోకి పోతుంది. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బెల్లానికి అక్కడికి దారి లేదమ్మా" అంది.

మంచం మీంచి దుర్గ నా చెయ్యి పట్టుకుంది. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "నీకు తెలీదు అత్తా. ఆ కాంట్రాక్టరుకి తెలుసు. ఆడెప్పుడైనా ఆ బెల్లం తిన్నాడా?"

మిల్లుల్లో పనిచేసే అప్పచెల్లెళ్ళారా, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చదువుకునే పిల్లలారా, ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఊపిరాడని పిల్ల అడగాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం లీలారాణి వాకిట్లో అందరం కూడాం. మాతోపాటు బస్తాలు పట్టే మనిషే లీలారాణి.

"ఫ్యాను తిరిగినదాకా గొట్టం కింద ఎవులూ నిలబడకూడదు" అంది.

లారీలకు బస్తాలెత్తే కళాసీల మేస్త్రీ అప్పలసూరి లేచాడు. "మీరు ఆపితే మా లోడింగు ఆగిపోద్ది. మా పిల్లలు ఏటి తింటారు?"

"బెల్లం తింటారు!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"నవ్వకండే! గున్నమ్మ పెట్టింది, మీరు తిన్నారు. మజ్జిలో మా కూలి మీద పడతారేటి?"

నవ్వులు ఆగిపోయాయి. అందరూ నా వైపు తిరిగారు. నేను లేచాను.

"అవును, నేనే పెట్టినాను. ఒక్క దుర్గకి కాదు, మీ అందరికీ. నన్ను తిట్టు సూరి బావా, పడతాను. గాని ఆ వీధి సివర నుంచి ఇక్కడిదాకా నడిసొచ్చి, ఆయాసం నేకుండా తిట్టు."

అతను నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి కూర్చున్నాడు. దగ్గు తెరిపిచ్చాక, "రేపు బస్తా ఎత్తం" అన్నాడు.

మర్నాడు టీ వేళ జగన్నాధం అచ్చు తెచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "గున్నమ్మా, పగలగొట్టు. దుర్గ వాటా కూడా నువ్వే తినీ."

అచ్చు పగలగొట్టి పంచాను. ఎవరూ నోట్లో పెట్టుకోలేదు. లీలారాణి తన ముక్క అతని ఒళ్ళో పెట్టింది. వెనక ఒకామె, ఇంకొకామె. చివరిది నాది.

"ఇదేటే?"

"నువ్వు తిను బాబూ. తిని, ముక్కు గుడ్డ ఇప్పి, గొట్టం కింద నిలబడు. నేదా, ఫ్యాను తిప్పు."

కళాసీలు లారీ తలుపు మూసేశారు. "ఫ్యాను తిప్పు!" అని అప్పలసూరి అరిచాడు. సగం దగ్గే, అయినా గేటు దాకా వినబడింది.

పోలీసులు వచ్చారు. ఎస్సై నా ముందుకొచ్చాడు. "రెచ్చగొట్టింది నువ్వేనా?"

"బెల్లం పెట్టింది నేను. ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

నన్నూ లీలారాణినీ జీపెక్కించారు. ఆడవాళ్ళు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. కళాసీలు వాళ్ళ వెనక నిలబడ్డారు. బస్తా ఒక్కటీ కదల్లేదు.

దారిలో పక్క మిల్లు. అక్కడా టీ వేళే. తెల్లటి మొహాల ఆడవాళ్ళు గోడ నీడన వరసగా కూర్చుని చేతులు చాపుతున్నారు. ముక్కలు పంచుతున్నామె వయసు నా వయసే. జీపులోంచి తల బయటకు పెట్టి గొంతు చించుకున్నాను.

"తినకండే! అది కడుపులోకే పోతాది! దుమ్ముకి పనిసెయ్యదు! ఫ్యాను అడగండే!"

కానిస్టేబులు నా జుట్టు పట్టి లోపలికి గుంజాడు. అంతలోనే చూశాను. పంచుతున్నామె చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఒకామె లేచి, చేతిలోని ముక్కను గోడ మీద పెట్టింది.