పచ్చచుక్క

గుండీలమ్మాయికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తన పాప రోజురోజుకీ తేలికైపోతుంటే, ఆ సంగతి తన చేతులకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవడం.

చొక్కాలకు గుండీలు కుడుతుంది కాబట్టి వీధిలో ఆమెకు ఆ పేరు. పాపకు తొమ్మిది నెలలు. నెలకోసారి బిడ్డల బరువు చూసే గదికి తీసుకెళ్తుంది. పోయిన నెల ఆరు కిలోల ఎనిమిదొందలున్న పాప, ఈసారి ఆరు కిలోల నాలుగొందలే తూగింది. నర్సమ్మ ఆ అంకె ట్యాబులో కొడితే ఎర్రగా మెరిసి చెరిగిపోయింది.

"తగ్గిన బరువు ఇది తీసుకోదమ్మా. అంకె పడకపోతే తర్వాతి బిడ్డ పేజీ తెరుచుకోదు."

వరస గుమ్మం దాటింది. నర్సమ్మ ఆరు కిలోల తొమ్మిదొందలు అని కొట్టేసింది. పచ్చచుక్క పడింది.

"అది అబద్ధం కదక్కా?"

"నాది కాదు తల్లీ, దీనిది. వచ్చే నెలకి ఎలాగూ పెరుగుతుందిలే."

"మా ఇద్దరికీ నెలనెలా పచ్చచుక్కే," అని వెనక నుంచి కవలల తల్లి మురిసిపోయింది. ఆమె రెండు భుజాల మీదా బిడ్డలు కిక్కురుమనకుండా పడుకుని ఉన్నారు.

ఇల్లు చేరేసరికి ఫోనులో మెసేజి: మీ పాప చక్కగా పెరుగుతోంది. అత్తగారు దాన్ని ఇంటింటికీ తిప్పి చూపించింది.

"పాప జబ్బలు చూడండి అత్తయ్యా, ఎలా వేలాడుతున్నాయో."

"ఎనిమిదితో బడి మానేసిన నీకన్నా ఆ ఫోనే ఎక్కువ చదివింది."

"అరచేతిలో వైకుంఠం చూపిస్తోంది."

"చూపిస్తే చూడు. ఊరికేగా."

మరుసటి నెల కాటా మీద ఆరు కిలోల వంద. ట్యాబులో ఏడు కిలోల రెండొందలు. పాప ఏడవడం మానేసింది. బుద్ధిమంతురాలంది అత్తగారు.

మర్నాడు గుండీలమ్మాయి పని ఎగ్గొట్టి, పాపను ఎత్తుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తింది. కిటికీ వెనక గుమాస్తా తెర మీద పాప పేజీ తెరిచి చూశాడు.

"ఏడు కిలోల పైన ఉంది. ఎర్రచుక్క ఉంటేనే డాక్టరు చీటీ. జరుగమ్మా."

ఆమె జరగలేదు. కిటికీలోంచి పాపను అతని చేతుల్లో పెట్టింది. ఏడు కిలోలకు సిద్ధపడ్డ చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి. అతను తెరనూ పాపనూ మార్చి మార్చి చూసి, పాపతోనే డాక్టరు గదిలోకి నడిచాడు.

ఇప్పుడు పాప ముక్కులో సన్నటి గొట్టం. ఆమెకు మంచం పక్కనుంచి కదలడానికి లేదు. కవలల తల్లి నాలుగు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. నర్సమ్మకు చేసి అడిగితే, ట్యాబు చూసి, "వాళ్ళకేం, ఇద్దరికీ పచ్చచుక్కే," అంది.

ఇది చదివినవాళ్ళెవరైనా కుట్టుపని షెడ్డు వెనక సందులో, నీలం తలుపు ఇంటికి ఒకసారి వెళ్ళండి. ఆ తల్లి ముందుగా ఫోను చూపిస్తుంది. చూడకండి. బిడ్డలిద్దరినీ ఎత్తుకోండి.