కొండ కింద బోర్డు

బోర్డులు రాయడం నా పని. కొండ దగ్గర పెట్టే బోర్డు కూడా నాకే వచ్చింది. ఒకప్పుడిది అగ్నిపర్వతమనీ, లోపలి నిప్పు చల్లారి రాయైందనీ, పైమట్టిని వానలు కడిగేస్తే ఈ రాతి స్తంభాలు బయటపడ్డాయనీ ఆఫీసువాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. స్తంభాలెన్నో మాత్రం వాళ్ళకి తెలియదు. నన్నే లెక్కపెట్టి రాయమన్నారు.

లెక్కపెట్టేదేముంది? రెండు వందల పదకొండు. పెళ్ళయినప్పటినుంచీ ప్రతి ఆదివారం మా ఆవిడా నేనూ ఆ కొండ చుట్టూ నడిచాం. ఆవిడ రెండు వందల పన్నెండు అనేది. ముప్పై ఏళ్ళు అదే గొడవ. పోయే ముందురోజు కూడా ఆసుపత్రి మంచం మీద రెండు గుక్కల నీళ్ళు తాగి, పన్నెండు అంది.

బోర్డు సంగతి తెలిసి బావమరిది దిగబడ్డాడు. సైకిళ్ళు బాగుచేసుకునే మనిషి, ఏనాడూ ఆ కొండ మొహం చూడలేదు. అయినా అక్క చెప్పిందే రాయాలని భీష్మించాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్క మాటా నెగ్గనివ్వలేదు, ఇప్పుడైనా నెగ్గనివ్వమన్నాడు. పోయినంత మాత్రాన లెక్క మారదన్నాను.

సుద్దముక్క జేబులో వేసుకుని వాణ్ణి లాక్కెళ్ళాను. స్తంభానికో గీత నేను గీస్తుంటే వాడు వెనకాల రొప్పుతూ లెక్కపెట్టాడు. నడకకొచ్చిన ఒకాయన ఆగి, వీటిని పడగొడతారా అని కంగారుపడ్డాడు. ముందు వీణ్ణి పడగొట్టాలన్నాను.

చుట్టూ తిరిగొచ్చేసరికి సరిగ్గా రెండు వందల పదకొండు. వాడి మొహం మాడిపోయింది. నాకు చాన్నాళ్ళకి ఆకలేసింది.

కాళ్ళు లాగుతున్నాయంటూ వాడు తుప్ప పక్కనున్న రాతి దిమ్మ మీద చతికిలబడ్డాడు. మా ఆవిడ కూడా వారం వారం అక్కడే కూర్చునేది. పొద్దెక్కుతోంది లేవమని నేను నిలబడి తిట్టేవాణ్ణి. ఆవిడ చెప్పులు విప్పుకుని, పన్నెండు అని నవ్వేది.

వాడి కాళ్ళ సందులోంచి దిమ్మ అంచులు కనబడ్డాయి. ఆరు పలకలు. స్తంభాలన్నిటికీ ఆరే. పైభాగం విరిగిపోయింది, అంతే.

"లేవరా," అన్నాను.

"ఇప్పుడేగా కూర్చున్నా, బావా."

"లే. గీత గీయాలి."

బోర్డు మీద రెండు వందల పన్నెండు రాశాను. అక్క గెలిచిందని వాడు ఊరంతా చాటుకుంటున్నాడు. చాటుకోనీ. ఆ మహాతల్లి ఒక్కసారి పక్కకి జరిగుంటే ముప్పై ఏళ్ళ గొడవ అక్కడే తీరేది. జరగలేదు. దాని మీదే కూర్చుని నవ్వింది.