చాప మీది సైన్యం

మా ఎగువసీమ సైన్యమంతా ఒకే చాప మీద ఉంటుంది. చాప చుట్టేస్తే గుర్రాలూ బల్లేలూ మనుషులూ అందులోనే చుట్టుకుంటారు. దాన్ని భుజాన వేసుకుని మోసేది నేను, పరిచి వడ్డించేదీ నేనే. పేరు మాత్రం మా సేనాపతి, దళవాయి ఎర్రపనాయుడిది.

మా చరిత్ర తెలియాలంటే చాప ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చాలు. ఈ చివర మొదటి యుద్ధం ఇంకా జరుగుతోంది. అక్కడ బాణాలు తగలకుండా వంగి వడ్డిస్తాను. చచ్చినవాళ్ళు విస్తళ్ళ ముందు నుంచి లేవరు. తల తెగినవాళ్ళు ముద్దను నేరుగా మెడలో వేసుకుంటారు కాబట్టి వాళ్ళకు పులుసు పలచగా పోయాలి.

మాకు ఒకటే కట్టుబాటు. ఈ చాప మీద కలిసి తిన్నవాళ్ళు ఒకరినొకరు చంపుకోకూడదు.

ఎదుట దిగువసీమ సైన్యంలో నా తమ్ముడు చెన్నప్ప ఉన్నాడు. వాడు చస్తే నేను బతకలేను. అందుకే వాణ్ణి భోజనానికి పిలుస్తాను. మర్యాద కొద్దీ "అందర్నీ తీసుకురారా" అని కూడా అంటాను.

వాడు నిజంగానే అందర్నీ తీసుకొస్తాడు. శత్రువులంతా కాళ్ళు కడుక్కుని కూర్చుంటారు. చాప సాగి రెండు సీమల మధ్యనున్న వాగు దాటుతుంది.

దళవాయి వచ్చి చూస్తాడు. "ఏందిరా ఇది? అందరూ తినేస్తే నేనెవర్ని చంపాల?"

"మజ్జిగ దాకా వచ్చారయ్యా," అంటాను.

"అయితే చాప రెండుగా కోసెయ్యండి. ఒకే చాప కాకపోతే కట్టుబాటూ లేదు."

రంపం తెస్తారు. తిన్నవాళ్ళు ఎవరి పక్కకు వాళ్ళు గెంతుతారు. చెన్నప్ప కూడా లేవబోతాడు. మారు వడ్డించకుండా తమ్ముణ్ణి ఎలా లేపను? "ఇంకొక్క ముద్ద తినరా," అని భుజం నొక్కి కూర్చోబెడతాను. రంపం వాడి నడినెత్తిన దిగి చాప దాకా వస్తుంది.

ఒక్కో సగానికి ఒక్కో చెయ్యే ఉంది కాబట్టి నీళ్ళు నేనే పోస్తాను. కుడి సగం మాది, ఎడమ సగం వాళ్ళది. కుడి సగం బల్లెం అందుకుంటుంది.

"అన్నా, గుండె ఎటుందో చెప్పు. పొడవాల."

"చెప్పమాకన్నా," అంటుంది ఎడమ సగం.

నాకు ఏడుపొస్తుంది. ఎడమ సగంలో చెయ్యి పెట్టి గుండె తీసి నోట్లో దాచుకుంటాను. వేడిగా ఉంది. ఉప్పు సరిపోయింది. బల్లెం ఖాళీలోకి దిగుతుంది, ఎడమ సగం చావదు. నేను నోరు తెరవనంత సేపూ వాడికి భయం లేదు.

రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడతాయి. యుద్ధనాదం చెయ్యమని దళవాయి కత్తి ఎత్తి సైగ చేస్తాడు. ఇక దొరికిపోయాననుకుని ఇటూ అటూ చూస్తాను. ఒక్కడూ అరవడు. అందరూ పెదాలు బిగించి నిలబడ్డారు. దళవాయితో సహా ఎవరి బుగ్గలు చూసినా ఉబ్బి, లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు అదురుతున్నాయి.