ఆయన చెయ్యి

నేను ఒక షవర్ కుళాయిని. ఇత్తడి ఒళ్ళు, పైన మెరుగు పూత. ఒక మనిషిని చంపాను. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచిపెట్టే ఓపిక నాకు లేదు.

నన్ను పోతపోసిన కొలిమిలో చిల్లుపడ్డ గంగాళాలూ, చెవులు పోయిన తాళాలూ, ఎవరింట్లోనో అరిగిపోయిన హారతి పళ్ళెమూ కలిసి కరిగాయి. కాబట్టి నాకు నీళ్ళ సంగతీ తెలుసు, గుట్టు సంగతీ తెలుసు. కాకినాడలో ఒక కొట్లో భీమశంకరంగారు నన్ను చెవి దగ్గర పెట్టుకుని, గోటితో కొట్టి విని, "ఇది మన తర్వాత కూడా ఉంటుంది" అన్నారు. సరదాగానే అన్నారు.

ఆయన ఏ పనికీ బయటి మనిషిని పిలవరు. ఫ్యూజు వేసేదీ ఆయనే, కుక్కరు పిడి బిగించేదీ ఆయనే. మేడమీద స్నానాలగదిలో నన్ను బిగించి, పైన గీజరు పెట్టారు. దాని ఎర్త్ వైరు ఎక్కడ కలపాలన్న ప్రశ్న వచ్చింది. "వేరే గొయ్యి తవ్వించడమెందుకు, నీళ్ళ గొట్టం భూమిలోకే పోతోందిగా" అని ఆ పచ్చ వైరును నా వెనకున్న ఇనప గొట్టానికి చుట్టారు. ఆ వీధిలో సగం ఇళ్ళలో అలాగే చుట్టారు. కొన్నాళ్ళకు గీజరులోంచి కాస్త కాస్త కరెంటు జారడం మొదలైంది. అది నా పక్కనుంచి దొంగలా నడిచి, గొట్టం పట్టుకుని భూమిలోకి దిగిపోయేది. నేను పట్టించుకోలేదు.

ఆయన ఊళ్ళో లేని రోజున ఆ గొట్టం తుప్పుపట్టి కారింది. ఆయన భార్య మాణిక్యాంబగారు ప్లంబరును పిలిపించారు. అతను తుప్పు ముక్క కోసేసి, మూరెడు ప్లాస్టిక్ గొట్టం అతికించి వెళ్ళాడు. పని శుభ్రంగా ఉంది, ఒక్క చుక్క కారలేదు. కరెంటుకు మాత్రం భూమిలోకి దిగే దారి పోయింది. మర్నాడు పొద్దున భీమశంకరంగారు ఊరినుంచి వచ్చి, గీజరు వేసి, తడి కాళ్ళతో నన్ను పట్టుకున్నారు. ఆయన వదల్లేదో, నేను వదల్లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

గుండె ఆగిందన్నారు డాక్టరు. ఆ మాట నిజమే.

నెల పోయాక మాణిక్యాంబగారు ఆ గది కడగడానికి వచ్చారు. అలవాటుకొద్దీ గీజరు స్విచ్ వేశారు. మడమల నొప్పికని ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు వేసుకుంటారామె. నన్ను పట్టుకున్నారు. చిమచిమలాడింది. ఎవరో అరచేతిలో మెత్తగా గిల్లినట్టు. ఆమె చెయ్యి తీయలేదు.

"ఏమండీ" అన్నారు.

అప్పట్నించి రోజూ పొద్దున వచ్చేవారు. కూర ఏం వండిందీ, పాలవాడు ఎన్ని నీళ్ళు కలిపిందీ చెప్పేవారు. గీజరు ఎర్ర దీపం వెలిగితేనే ఆయన వస్తారనీ, ఆర్పితే వెళ్ళిపోతారనీ కూడా కనిపెట్టారు. మనుషులు ఎంత నిశితంగా గమనిస్తారు, ఎంత తప్పుగా అర్థం చేసుకుంటారు. నేను అరిచి చెప్పలేను. నాకున్నది ఒకటే నోరు, అందులోంచి వచ్చేవి నీళ్ళే.

నాలుగో ఏట నా లోపలి వాషరు అరిగింది. చుక్కలు పడి నేల ఎప్పుడూ తడిగా ఉండేది. తడి పెరిగేకొద్దీ గిల్లుడు పెరిగింది.

"ఈమధ్య గట్టిగా పట్టుకుంటున్నారు" అని ఆమె సంబరపడ్డారు. ఇంకో మాట కూడా అన్నారు. "రేపు మీ తద్దినం. ఈసారి మనింట్లోనే. మడి కట్టుకుని వస్తాను. చెప్పులతో రాను లెండి, తప్పు."

ఆ మడి అంటే ఒంటిమీద తడిచీర, ఉత్త పాదాలు. ఆయనా అలాగే, తడి కాళ్ళతో వచ్చారు.

నాకు చేతనైంది కారడం ఒక్కటే. కారాను. నా చుక్కలు నేలలోకి ఇంకి, కింది వాటాలో జాకెట్లు కుట్టుకునే నూకరత్నం కుట్టుమిషను మీద పడ్డాయి. తెల్లారి ఆమె స్పానరు, కొత్త వాషరు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"మామ్మగారండీ, మీ కుళాయి నా కొంప ముంచేత్తంది. పెళ్ళివోరి పట్టుగుడ్డ తడిసిపోయింది."

"ఇవాళ తద్దినమే రత్నం. అయినా ప్లంబరు వద్దు. వాడొచ్చిన మర్నాడే ఆయన పోయారు."

"ప్లంబరెవరండీ, నేనే. ఐదు నిమిషాల పని. మీరు మడి కట్టుకోండి, నేను మిమ్మల్ని తాకన్లెండి."

మాణిక్యాంబగారు గీజరు స్విచ్ వేసి, డాబా మీద తొట్టి దగ్గరికి స్నానానికి వెళ్ళారు. రత్నం కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. నీళ్ళు కట్టేసి, నా పిడి మీది స్క్రూ విప్పడానికి బొడ్లోంచి టెస్టరు తీసింది. ఇళ్ళల్లో టెస్టర్లు కరెంటు చూసేదానికన్నా స్క్రూలు తిప్పేదే ఎక్కువ.

అంతలో మాణిక్యాంబగారు వచ్చేశారు. చీర కొంగునుంచి నీళ్ళు ధారకడుతున్నాయి. ఉత్త పాదాలు.

"కాస్త జరుగు రత్నం. ఒక్కసారి ఆయన్ని పలకరించి వెళ్తాను."

"ఎవర్నండీ?"

"మా ఆయన్నే. ఆ కుళాయి పట్టుకుంటే నా చెయ్యి పట్టుకుంటారు."

రత్నం నవ్వబోయింది. సరిగ్గా అప్పుడే టెస్టరు మొన స్క్రూలో కూర్చుంది, బొటనవేలు దాని తలమీద ఆనింది. ఆమె పిడికిట్లో చిన్న ఎర్ర దీపం వెలిగింది.

మాణిక్యాంబగారి చెయ్యి నాకు జానెడు దూరంలో ఉంది. తర్వాత బెత్తెడు. రత్నం ఆ దీపాన్ని చూసింది, తడిచీరను చూసింది, పాదాలను చూసింది. పట్టుకుంటే మడి పోతుంది. మూడేళ్ళుగా ఈ ఇంటి గడప అవతలే నిలబడి మాట్లాడిన మనిషి ఆమె. ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం ఎంత పొడుగుందో నన్నడగండి.

టెస్టరు వదిలేసి, మణికట్టు పట్టుకుని అవతలికి లాగేసింది.

"ఎంత పని చేశావే" అన్నారు మాణిక్యాంబగారు.

"మళ్ళీ తానం చేద్దురు గాని. ముందు బతికుండాలి గదండీ."

రత్నం స్విచ్ కట్టేసింది. టెస్టరుతో మళ్ళీ చూసి, తన చెయ్యి ఆనించి చూసుకుని, ఆమె చేతిని తీసుకొచ్చి నా మీద పెట్టింది. నేను చల్లగా ఉన్నాను.

"ఏరీ?" అన్నారామె.

"ఆయన కాదండి మామ్మగారూ. కరెంటండి."

రత్నం పచ్చ వైరు చూపించింది, వైరు చుట్టిన ఇనప గొట్టం చూపించింది, కింద అతికిన ప్లాస్టిక్ ముక్క చూపించింది. మాణిక్యాంబగారు ఆ ముక్కను చాలాసేపు చూశారు.

"అది వేయించింది నేనే రత్నం."

"మీకేం తెలుసండీ."

ఆ రోజు భోక్తలు ఆలస్యంగా భోంచేశారు. కారణం వాళ్ళకెవరూ చెప్పలేదు.

వారంలో పెరట్లో ఎర్త్ గొయ్యి తవ్వారు. కొత్త గీజరు, కొత్త కుళాయి వచ్చాయి. పాత ఇనప సామాను గోనెలో పడ్డ నన్ను మాణిక్యాంబగారే బయటికి తీసి, తుడిచి, తన గది కిటికీ గూట్లో పెట్టుకున్నారు. రోజూ పొద్దున చెప్పులు విప్పి నన్ను చేతిలోకి తీసుకుంటారు. కూర సంగతీ పాల సంగతీ ఇప్పుడు లేవు. "నాకు తెలీదండీ" అంటారు, అంతే. కాసేపు ఆగి, నన్ను గూట్లో పెట్టేస్తారు.

నాకిప్పుడు గొట్టం లేదు, వైరు లేదు, లోపల ఒక్క చుక్క తడి లేదు. ఉత్త ఇత్తడి ముద్దను.

నిన్న పొద్దున ఆ మాట అనగానే ఆమె అరచెయ్యి ఉలిక్కిపడింది. వేళ్ళు నా చుట్టూ గట్టిగా బిగుసుకున్నాయి.

ఒట్టు, అది నేను కాదు.