లువీనియా అత్త కాబ్లర్ మీద నిషేధం

మీరే చేశారీ పని, భోజనాల కమిటీ పెద్దలూ! పొయ్యి ముందు ఒక్కనాడూ నిలబడని మగవాళ్లు ముగ్గురు కూచుని, చర్చి వార్షికోత్సవానికి ఇంట్లో వండినవేవీ తేకూడదని తీర్మానం చేశారు. కారణం? పోయినేడు ఎవరికో కడుపునొప్పి వచ్చిందట. రాదా మరి? ఆగస్టు ఎండలో పళ్లెం మీద పళ్లెం లాగించి, ఆపైన బంతాట ఆడితే జార్జియాలో ఎవరికైనా వస్తుంది. ఆ నేరం మా పీచ్ పళ్ల మీదికి తోశారు.

దాంతో లువీనియా అత్త పీచ్ పళ్లూ పిండీ కలిసేలా ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం, కాబ్లర్‌కి, బల్ల మీద చోటు పోయింది. మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వార్షికోత్సవం నాడు అందరి చేతులూ ముందు వెళ్లేది ఆ కాబ్లర్ మీదికే. ఆమెకి ఎనభై దాటాయి. "ఈసారి మీరు అతిథిగా కూచోండమ్మా, సూపర్‌మార్కెట్ నుంచి అన్నీ డబ్బాల్లో తెప్పిస్తున్నాం" అని కమిటీ అధ్యక్షుడు, చర్చి పెద్ద డీకన్ క్లియోఫస్ ఆమెకి చెప్పి వెళ్లాడు.

"ఓజెల్లా, బతికుండగానే నన్ను ఫొటో చేసి గోడకి తగిలిస్తున్నారే" అంది అత్త నాతో.

నాకు ఒళ్లు మండింది. వార్షికోత్సవం నాడు, ఆదివారం పొద్దున్నే నేనూ, పక్కింటి నార్వీ, పీచ్ పళ్ల బుట్టతో ఆమె వంటింట్లో దిగాం. చర్చి రోడ్డుకి అవతలే. భోజనాల ముందు చేసే ప్రార్థన ముగిసేలోగా కాబ్లర్ బల్లెక్కాలి. అంతే.

ఏం హడావిడి! నార్వీ పళ్లని మరిగే నీళ్లలో ముంచి తీస్తే తొక్క చొక్కా విప్పినట్టు ఊడొస్తోంది. నేను ముక్కలు కోస్తుంటే రసం మోచేతుల దాకా కారుతోంది. పంచదార, జాజికాయ పొడి పడి ముక్కలు ఉడుకుతుంటే వీధంతా వాసన. అత్తకి చేతులు వణుకుతాయి, నోరు మాత్రం వణకదు.

"అంత లావు ముక్కలేంటే, పందులకా?"

"నీకే అత్తా" అంది నార్వీ.

"నావి కట్టుడు దంతాలే తల్లీ. సన్నగా కొయ్యి."

ఇనప పెనంలో వెన్న కరిగించాం. దానిమీద జారుగా కలిపిన పిండి పోశాం. ఆపైన పళ్లు పరిచాం. ఇక కలపకూడదు! ఓవెన్‌లో పెడితే పిండి తనంతట తనే పళ్ల సందుల్లోంచి పైకెక్కి, పొంగి, అంచుల్లో ఎర్రగా కరకరలాడుతుంది. కలిపితే అంతా ఒకటే ముద్ద. మా వాడలో పాలు మరిచిన పిల్లకి కూడా తెలుసీ సంగతి.

పెనం ఇంకా ఓవెన్‌లోకి వెళ్లకముందే గుమ్మంలో డీకన్ క్లియోఫస్.

"వాసన చర్చి మెట్ల దాకా వచ్చింది. తీర్మానం ఉంది కదమ్మా" అంటూ లోపలికొచ్చి పెనంలోకి తొంగి చూశాడు. "అయ్యో, కలపడం మరిచిపోయారే!" అని గరిటె తీసి గిరగిరా తిప్పేశాడు.

నార్వీ కెవ్వుమంది.

"ఓరి క్లియోఫస్! మీ అమ్మ ఉంటే ఆ గరిటెతోనే నీ వీపు చిట్లగొట్టేదిరా!" అంది అత్త.

"సాయం చేద్దామని..."

"కాబ్లర్ కలపకూడదని తెలీనివాడివి, కాబ్లర్ మీద తీర్మానం ఎట్లా చేశావయ్యా?" అన్నాను.

గరిటె బల్ల మీద పెట్టేశాడు. "మళ్లీ చేద్దామంటే పళ్లు లేవు" అని నార్వీ ఏడుపు మొహం పెట్టింది. చివరికి ఆయనే నసిగాడు. "మా పెరట్లో చెట్టుంది..."

"ఉంటే నిలబడతావేం? పరిగెత్తు!" అని అరిచింది అత్త.

పరిగెత్తాడు! ఆదివారం కోటుతో, మెరిసే బూట్లతో. టోపీ నిండా పళ్లతో రొప్పుతూ తిరిగొచ్చాడు. ఆయన కలిపిన పెనం పక్కనే ఇంకో పెనం ఓవెన్‌లోకి ఎక్కింది. ఓవెన్ అద్దానికి నలుగురం ముక్కులు ఆనించాం. పిండి కదిలింది, పళ్లని నెట్టింది, పైకొచ్చింది! ఆరోజు నేనే కాదు, డీకన్ కూడా చప్పట్లు కొట్టాడు.

రెండు పెనాలకీ తువ్వాళ్లు చుట్టి రోడ్డు దాటాం. అప్పటికే పాస్టరు ప్రార్థన మొదలెట్టాడు. అందరూ కళ్లు మూసుకుని ఉండగా నార్వీ ప్లాస్టిక్ డబ్బాలని పక్కకి నెట్టింది. "ఆమెన్" వినపడేసరికి కాబ్లర్ బల్ల మీద బుసబుసలాడుతోంది. జనం ఎగబడ్డారు. డబ్బాల మూత తీసిన వాడు లేడు. కలిపిన ముద్దని అత్త స్వయంగా డీకన్ ముందు పెట్టింది. "నీ తీర్మానం నువ్వే తిను నాయనా." పాపం, మొత్తం మింగాడు.

మూతి తుడుచుకుని, "వచ్చే ఏడు ఆలోచిద్దాంలే" అన్నాడు.

ఆలోచించేదేం లేదు! ఈ బుధవారమే సభ పెట్టండి. ఆ తీర్మానం కొట్టెయ్యండి. మీరు ముగ్గురూ దిగిపోయి, వండే ఆడవాళ్లని కమిటీలో కూచోబెట్టండి. లువీనియా అత్తని అధ్యక్షురాల్ని చెయ్యండి, ఇప్పుడే!