శనివారం మధ్యాహ్నపు ఆట

మంగళగిరి నేతగాళ్ల వీధిలో సినిమాలు చూసినవాళ్లు తక్కువ. సినిమాల మీద అభిప్రాయం లేనివాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. యుద్ధానికి ఐదో ఏడు నడుస్తోంది. నూలుకు కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, పంచదార సంగతి తలుచుకోకపోవడమే మేలు. నోటికి మాత్రం ఏ సర్కారూ రేషను కార్డు పెట్టలేదు. అందుకని తెల్లవారగట్ల మగ్గానికెక్కించే పడుగు దారాలు వీధి పొడుగునా సాగదీసి గంజి పెట్టేటప్పుడు, రెండు పక్కలా నిలబడ్డ జనం చేతుల్ని కుంచెలకు అప్పజెప్పి నోళ్లను సినిమాలకు అప్పజెప్పేవారు. ఉగాదికి ముందు వేసే ఆఖరి పడుగు దగ్గర, ఆ ఏడాది బొమ్మలన్నిటికీ తీర్పు చెప్పడం వాళ్ల రివాజు.

తీర్పు చెప్పే పెద్దమనిషి భావనారాయణ. వారమంతా నేసిన చీరలు మూటగట్టుకుని శనివారం పొద్దున రైలెక్కి, కృష్ణ వంతెన దాటి బెజవాడ పాతబస్తీలో షావుకారుకి అప్పజెప్పి, మధ్యాహ్నపు ఆట చూసి సాయంత్రం బండికి ఇల్లు చేరేవాడు. మర్నాడు అతను చెప్పే కథ వినడమే వీధికి సినిమా చూడటం. అతనికి బాగుంటే అందరికీ బాగున్నట్టు.

"ఈ ఏడు బొమ్మల్లోకల్లా ఆ తల్లీకొడుకుల బొమ్మే బొమ్మ. మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు" అన్నాడు భావనారాయణ, కుంచె ఆపకుండానే. "పోయిన కొడుకు తిరిగొచ్చాడు, తల్లికి జబ్బు నయమైంది, అందరూ ఒక్క పంక్తిన కూర్చుని అన్నం తింటున్నారు. నాకు కళ్లు తుడుచుకోవాల్సొచ్చింది."

"ఎవరు తిన్నారు బావా అన్నం?" అన్నాడు పడుగుకు అవతలి పక్కనున్న చౌడయ్య. పక్కింటి నేతగాడే. మొన్ననే బెజవాడలో పెళ్లికి వెళ్లి అదే బొమ్మ చూసి వచ్చాడు. "తల్లి చచ్చిపోయింది గదా. పాడె కూడా చూపించాడు. కొడుకొచ్చేసరికి కట్టెలు కాలుతున్నాయి."

"నువ్వు వేరే బొమ్మ చూసుంటావు."

"పేరు అదే, హాలూ అదే." చౌడయ్య కుంచె పక్కన పెట్టాడు. "మరి నువ్వు శనివారం శనివారం ఏం చూస్తున్నావు బావా?"

వీధి వీధంతా నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు, బావామరదుల సరసమే. కానీ భావనారాయణ నవ్వలేదు. తల వంచుకుని పడుగు మీద తడిపిన చోటే మళ్లీ తడుపుతూ ఉండిపోయాడు. గంజి కుండ పట్టుకుని పక్కనే నిలబడ్డ అతని భార్య సుబ్బరత్నం ఆ వంచిన తల చూసింది.

ఇంటికొచ్చి రాట్నం ముందు కూర్చుంది గాని, నూలు కండెలు చుడుతున్న చేతికి మనసు తోడు లేదు. భర్త ఈ ఏడాది చెప్పిన కథలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. జమీందారు కూతురి కథ చివర అందరూ కూర్చుని భోంచేశారు. రాజుకు శాపం పోయిన కథలోనూ భోజనాలే. ఊరి కరణాన్ని ఎదిరించిన కుర్రాడి కథ చివర కరణం కూడా వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. ఇన్ని బొమ్మల్లో ఒక్కడూ చావలేదు, ఒక్కడూ ఆకలితో లేడు. లోకంలో ఇట్లాంటి సినిమాలెవరు తీస్తారు?

అరుగు మీద కూర్చున్న అత్త పున్నమ్మ అడక్కుండానే అందుకుంది.

"మీ మావయ్య కూడా గుంటూరు పోయినప్పుడల్లా హరికథ విన్నానని చెప్పేవాడు. నేను నమ్మేదాన్ని."

ఆ తర్వాత ఏమైందో పున్నమ్మ చెప్పలేదు. చెప్పకపోవడమే ఎక్కువ బాధపెట్టింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆరేళ్ల కాపురంలో సుబ్బరత్నానికి భర్త మీద ఎన్నో కోపాలొచ్చాయి గాని, ఈ పొగ మాత్రం ఎన్నడూ కళ్లలో పడలేదు. బెజవాడలో ఇంకో గడప ఉందా? ఉంటే తన బతుకేం కావాలి? రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. మూడోనాడు అన్నం వడ్డిస్తూ, "ఈ శనివారం నేనూ వస్తా మావా. ఆ తల్లీకొడుకుల బొమ్మ చూస్తా" అంది.

భావనారాయణ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎండలు ముదిరాయి. ఎందుకు నీకు శ్రమ" అన్నాడు.

"నువ్వు పోవట్లా?"

అతను తల వంచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ వంచిన తల ఆమె అనుమానానికి ఆజ్యం పోసినట్టయింది.

శనివారం ఇద్దరూ కలిసి రైలెక్కారు. షావుకారు కొట్లో చీరలు విప్పి చూపించడం, అంచు దగ్గర ఆయన పెట్టే వంకలు తలవంచుకుని వినడం, నూలు కోసం వరసలో నిలబడటం, చివరికి ఈ వారం సగమే ఉందన్న మాట మోసుకుని బయటపడటం, ఇదంతా సుబ్బరత్నం మొదటిసారి చూసింది. చూసి జాలిపడేదేమో గాని, ఆమె కళ్లు బజారులో ఆడవాళ్ల మొహాలు వెతకడంలో ఉన్నాయి. భర్తను ఎవరైనా గుర్తుపట్టి నవ్వుతారేమోనని చూసింది. ఎవరూ నవ్వలేదు. భావనారాయణ హాలు దగ్గర ఒక పాటల పుస్తకం కొని, ఆమెకు ఆడవాళ్ల టిక్కెట్టు ఇచ్చి, తను మగవాళ్ల వైపు నేల తరగతికి పోయాడు. మధ్యలో నడుమెత్తు గోడ.

లోపల సోడాలూ వక్కపొడీ అమ్మే శౌరమ్మ, సుబ్బరత్నం ఎవరితో వచ్చిందో ద్వారం దగ్గరే చూసింది. వచ్చి పక్కన చతికిలబడి, "ఆ స్తంభం మనిషి మీవోడా అమ్మా?" అంది.

సుబ్బరత్నం గబుక్కున ఆమెవైపు తిరిగింది. "ఆయన నీకెట్టా తెలుసు?"

"తెలవకేం, శనివారం శనివారం చూస్తన్నాగా. వచ్చి ఆ స్తంభానికి ఆనుకుని పాటల పుస్తకం చదూతాడు. దీపాలార్పితే చాలు, ఇంక మనిషి లేడు. ఆటయిపోయాక ఊడ్చేవాళ్లు లేపాలి. డబ్బులిచ్చి నిద్ర కొనుక్కునే మారాజుని ఈయన్నే చూశా."

దీపాలు ఆరాయి. బొమ్మ మొదలైంది. తెర వెలుగు మగవాళ్ల మీద పడుతుంటే మొహాలన్నీ పైకెత్తి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ హాలులో ఉన్నది ఒకటే మిషను. రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వేసేవారు. దీపాలు వేసినప్పుడల్లా సుబ్బరత్నం గోడ మీదుగా చూసింది. మొదటి రీలుకి అతని తల స్తంభానికి ఆని ఉంది. మూడో రీలుకి పక్కవాడి భుజం మీదికి జారింది. ఐదో రీలుకి నోరు తెరుచుకుని, చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పడేసి, దెబ్బ తగిలినవాడిలా పడి ఉన్నాడు. ఆ చేతులు ఊరికే పడి ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. అరచేతుల్లో కాయలు ఇక్కడికి కనిపిస్తున్నాయా, లేక తనకు తెలుసు గనక కనిపిస్తున్నట్టుందా అని కాసేపు తేల్చుకోలేకపోయింది.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అని పెద్దలు మూడు ముక్కలు కలిపి చెప్పారు. మూడో ముక్కను పట్టుకుందామని కృష్ణ దాటి వచ్చిన సుబ్బరత్నానికి రెండో ముక్క దొరికింది. తెర మీద తల్లి చచ్చిపోయింది. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సుబ్బరత్నం అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఆ తల్లి కోసం మాత్రం కాదు.

సాయంత్రం బండిలో చోటు దొరికాక, "ఎట్టా ఉంది మావా బొమ్మ?" అంది.

"బాగుంది. మొదట్లో ఆ తల్లి పాట బాగుంది" అంటూ భావనారాయణ మొదలెట్టాడు. కథ బాగానే నడిపించాడు. కొడుకు ఇల్లు విడిచిపోయేదాకా తెర మీద జరిగిందీ అతను చెప్పిందీ ఒకటే. అక్కడికొచ్చేసరికి గొంతు కొంచెం నెమ్మదించింది. "తరవాత కొడుకు వస్తాడు చూడు. వచ్చి..."

ఆమె చెయ్యి చాచి అతని జేబులోంచి పాటల పుస్తకం తీసింది. కథ ఉన్న పేజీ తిప్పింది. కొడుకు ఇల్లు విడిచిన చోట కథ ఆగింది. కింద, 'తరువాయి వెండితెరపై చూడుడు' అని అచ్చు వేసి ఉంది.

"నేను స్తంభం చూశాను మావా" అంది.

బండి వంతెన మీదికెక్కింది. ఇనుప చప్పుడులో కాసేపు మాట్లాడుకోవలసిన పని తప్పింది. దాటాక కూడా భావనారాయణ నీళ్లవైపే చూస్తున్నాడు.

"పడుకోవాలంటే ఇంట్లో పడుకోకూడదా? నేను వద్దన్నానా?" అంది ఆమె. గొంతులో కోపం తెచ్చుకుందామనుకుంది గాని రాలేదు.

"నాన్న పోయినకాడ్నించి రెండు మగ్గాల పని ఒక మగ్గం మీద లాగుతున్నా రత్నం. రాత్రి పడుకున్నా చెయ్యి తాడు లాగుతున్నట్టే ఉంటది. పగలు కాసేపు తల వాల్చానా, మగ్గం ఆగుతుంది. ఆగిందో లేదో రాట్నం దగ్గర్నించి నువ్వడుగుతావు, పోగు తెగిందా అని." అతను మొహం తుడుచుకున్నాడు. "అక్కడైతే ఎవరూ అడగరు."

పోగు తెగిందా అన్నది ఆ ఇంట్లో సుబ్బరత్నం నేర్చుకున్న మొదటి మాట. కాపురానికొచ్చిన కొత్తలో పగటిపూట కొత్త కోడలు మగ్గం గదిలోకి పోవాలంటే అరుగు మీద అత్త ఉండేది. మగ్గం ఆగితే, పోగు తెగిందా అని అడిగి, ముడి వేసే వంకతో లోపలికి పోయేది. సన్నటి వేళ్లు, పని తొందరగా అయ్యేది, బయటికి రావడం మాత్రం ఆలస్యమయ్యేది. ఆ రోజుల్లో ఆ మగ్గం మీద పోగులు వింతగా ఎక్కువ తెగేవి. వాటిలో సగం భావనారాయణే తెంపేవాడని ఇద్దరికీ తెలుసు. ఆ మాటే ఇన్నేళ్లూ తను ప్రేమగానే అంటున్నాననుకుంది. అవతల మనిషి వీపు మీద అది కొరడాలా ఎప్పటినుంచి తగులుతోందో ఆమెకు తెలియలేదు. తెలుసుకోనందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"చెప్పొచ్చుగా" అంది చివరికి.

"ఏమని చెప్పను? నువ్వు మాత్రం ఎప్పుడు కూర్చున్నావని?"

ఇల్లు చేరేసరికి పొద్దు గుంకింది. గుమ్మంలో పున్నమ్మ కోడలి మొహం చూసింది. "నిజంగా హరికథేనత్తా, ఇంకేం లేదు" అని సుబ్బరత్నం లోపలికి పోయింది.

ఉగాది వెళ్లింది. మంగళవారం మధ్యాహ్నం మగ్గం ఆగింది. రాట్నం తిప్పుతున్న సుబ్బరత్నానికి పోగు తెగిందా అన్న మాట అలవాటుగా గొంతులోకి వచ్చింది. మింగేసింది. లోపల అతను ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. కాసేపు చూసి, ఎవరూ అడక్కపోయేసరికి బెదిరినట్టు మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. బుధవారం ఇంకొంచెం ఎక్కువసేపు ఆగింది. గురువారం ఆగిన మగ్గం ఇక కదల్లేదు. సుబ్బరత్నం రాట్నం మీద చెయ్యి వేసి దాన్నీ ఆపింది. అరుగు మీది నుంచి పున్నమ్మ ఏదో అనబోతే కళ్లతోనే వద్దంది. ముసలావిడ కోడలివైపొకసారి, మగ్గం గదివైపొకసారి చూసి, జపమాల తీసుకుని పెరట్లోకి పోయింది.

అప్పుడే చౌడయ్య వచ్చాడు. మొహం నిండా దుమ్ము, భుజం మీద తడి తువ్వాలు. వస్తూనే అరుగుకు చేరబడి, "చెల్లెమ్మా, బెజవాడ పోయి చూసొచ్చావంట గదా. వీధంతా తీర్పు కోసం చూస్తంది. తల్లి బతికిందా, చచ్చిందా?" అన్నాడు.

"చచ్చిపోయిందన్నయ్యా. నువ్వు చెప్పిందే నిజం."

ఇంత తేలిగ్గా గెలుస్తానని చౌడయ్య అనుకోలేదు. గెలిచాక ఏం చేయాలో కూడా అతనికి తోచలేదు. "మరి బావ అట్టా ఎందుకు చెప్పాడు?" అన్నాడు. ఇంతలో అతని చెవికి ఏదో తక్కువైంది. నేతగాడి చెవి, ఆగిన మగ్గాన్ని పట్టుకోకుండా ఉండదు. లోపలికి మెడ సాచి గొంతు పెంచాడు. "అవునూ, మగ్గం ఆగిందేం బావా? పోగు..."

సుబ్బరత్నం గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"అరవమాక అన్నయ్యా. ఆట మొదలైంది."

చౌడయ్యకు అర్థం కాలేదు. రెండడుగులు వేసి తలుపులోంచి తొంగిచూశాడు. కాళ్లు మగ్గం కింది గుంటలోనే ఉన్నాయి. నేసిన చీర మీద చెంప ఆనించి, నోరు తెరుచుకుని, చేతులు రెండు పక్కలా పడేసి భావనారాయణ నిద్రపోతున్నాడు. పోగును అటూ ఇటూ మోసే నాడె చీర మధ్యలో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. చౌడయ్య చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తిరిగి వచ్చి, ఈసారి చప్పుడు కాకుండా కూర్చున్నాడు. అతని ఇంటి వైపు నుంచి అతని మగ్గం కూడా వినిపించడం లేదు.

"నాకొక టిక్కెట్టు దొరుకుతుందా చెల్లెమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

సుబ్బరత్నం అరుగు మీది చాప అతనివైపు జరిపింది.