పానా లేని ప్లగ్గు

ఉప్పల్‌లో ఆ వరస ఇళ్లలో నూనె సీసా మూత రాకపోతే ఎవరూ సీసాని తిట్టుకునేవారు కాదు. "కామాక్షి దేనికో భయపడినట్టుంది" అనుకుని కాసేపు పక్కన పెట్టేసేవారు. ఆమె భయపడితే మర ఉన్నదల్లా బిగుసుకుపోయేది. మరచెంబులు, కుళాయిలు, మొగుడి టాక్సీ చక్రాల నట్లు, అన్నీ. పెళ్లయి గోదావరి వైపు నుంచి వచ్చిన కొత్తలో ఆమె ప్రతిదానికీ భయపడేది కాబట్టి, ఇరుగుపొరుగు సీసాలకు మూతలు మానేసి గుడ్డలు కుక్కుకోవడం నేర్చుకున్నారు.

తొలికాన్పు నొప్పులు మొదలైన మధ్యాహ్నం ఆమె భయం అంతా ఇంతా కాదు. అంతకుముందు ఏడాదే ఆమె అక్క సుబ్బులు కాన్పయ్యాక నెత్తురు ఆగక చనిపోయింది. కనకరాజు భార్యను తన పాత అంబాసిడర్ వెనక సీటులో పడుకోబెట్టి సికింద్రాబాదు ఆసుపత్రికి బయలుదేరాడు. నాచారంలో ఇంజను దగ్గి దగ్గి, సరిగ్గా ఆశీర్వాదం మెకానిక్ షెడ్డు ముందు ఆగిపోయింది. ఆగడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదనుకున్నాడు పాపం.

"ప్లగ్గులు మసి పట్టినయన్నా. తీసి తుడిస్తె సాలు" అన్నాడు ఆశీర్వాదం.

మూడు తేలిగ్గానే వచ్చాయి. అప్పుడే కామాక్షికి ఇంకో నొప్పి వచ్చింది, నాలుగోది కదల్లేదు. ఆశీర్వాదం పానా వేసి ఒంటి బరువంతా మోపాడు. జారింది. మళ్లీ వేశాడు, మళ్లీ జారింది. ప్లగ్గు ఆరు పలకలూ అరిగి గోలీలా నున్నగా తయారైంది. మిగతా మూడింటితో ఆ ముసలి బండి కదిలేది కాదు.

ఆశీర్వాదం చెమట తుడుచుకుని, "ఇగ దీనికి పానా లేదన్నా" అన్నాడు.

వెనక సీటులో కామాక్షికి అది 'పానం లేదు' అని వినిపించింది. ఉప్పల్ వాళ్లు ప్రాణాన్ని పానం అంటారని ఆమెకు తెలుసు. పానా అంటే ఏమిటో తెలియదు, మొగుడు స్పానరు అనేవాడు. కడుపులో బిడ్డ గురించే అన్నారనుకుని నిలువునా బిగుసుకుపోయింది. షెడ్డులో నట్లన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. వస్తున్న నొప్పులు కూడా ఆగిపోయాయి.

"మా ఆవిడ భయపడితే ఏదీ తిరగదండీ" అన్నాడు కనకరాజు.

"గా ముచ్చట ముందుగాల జెప్పొద్దా అన్నా? ఊకెనే పలకలు అరగ్గొడితిమి" అని ఆశీర్వాదం విసుక్కుని, ఇంట్లో ఉన్న భార్య లూర్దమ్మను కేకేసి సంగతంతా చెప్పాడు.

లూర్దమ్మ దవాఖానాలో ఆయాగా చేసి మానేసిన మనిషి. చేతులు కడుక్కుని వచ్చి వెనక సీటులోకి ఎక్కింది.

"ఏమైంది బిడ్డా?"

"పానం లేదన్నారు" అంది కామాక్షి, పళ్లు కరుచుకుని.

"పానం గాదు, పానా. మీ ఆయన స్పానరంటడు సూడు, గదే. ప్లగ్గును పట్టెటందుకు పానా లేదన్నడు మా ఆయన. నీ బిడ్డ మంచిగున్నది, ఎట్ల తంతున్నదో చెయ్యి పెట్టి సూడు."

కామాక్షి ఆమె మొహంలోకి చూసింది. ఏడుపులోంచే నవ్వు వచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. బండి ముందు ఆశీర్వాదం వేళ్లతో తిప్పగానే ప్లగ్గు వచ్చేసింది. నొప్పులు తిరిగి ఉధృతంగా వచ్చి, వాళ్లు ఆ ప్లగ్గు తుడిచేలోగానే ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. లూర్దమ్మ బోర్లా తిప్పి వీపు రుద్దితే చప్పుడు లేకుండా ఊపిరి తీసుకుంది.

కానీ నెత్తురు ఆగలేదు. చేతికందిన గుడ్డలన్నీ తడిసిపోయాయి. కామాక్షి మొహం పాలిపోతోంది గాని అందులో భయం లేదు. "నిద్రొస్తోంది" అంది హాయిగా. అలా హాయిగా నిద్రపోయి మళ్లీ లేవనివాళ్లను లూర్దమ్మ దవాఖానాలో చూసింది. బండి చూస్తే, ప్లగ్గును చేత్తో పెట్టారే గాని బిగించే దారి లేదు. స్టార్టు చేస్తే ఎగిరిపడుతుంది.

లూర్దమ్మ తన చిటికెన వేలు పసిదాని నోట్లో పెట్టి, కొంగు కింద దాచేసింది. కామాక్షి చెవి దగ్గరికి వంగింది. నోరు రాలేదు. పిల్లల్ని కన్న తల్లి ఇంకో తల్లితో అనే మాట కాదది.

"బిడ్డకు పానం లేదమ్మా" అంది. "పానా గాదు. పానం."

కామాక్షి కళ్లు పెద్దవయ్యాయి. అరవలేదు, అరిచే శక్తి లేదు. ఇంజనులో ప్లగ్గు దానంతటదే తిరిగి బిగిసింది. నెత్తురు ఆగింది. కనకరాజు కూడా ఆ మాట విన్నాడు, నమ్మాడు. కన్నీళ్లకు రోడ్డు సరిగ్గా కనిపించకపోయినా బండి తీశాడు. అతనికైనా చెప్పాలని లూర్దమ్మ ప్రాణం కొట్టుకుంది. చెబితే కామాక్షి వింటుంది.

లాలాపేట్ దాటేదాకా కామాక్షి వణుకుతూనే ఉంది. వణుకు తగ్గి కళ్లు వాలినప్పుడల్లా సీటు మళ్లీ తడిసేది. లూర్దమ్మ కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుని ఆ మాటే మళ్లీ అనేది. కొంగు కింద పసిది వేలు చప్పరిస్తూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సూదులు వేసి, నెత్తురెక్కించి, ఇక భయం లేదన్నాక లూర్దమ్మ కొంగు తీసి పిల్లను తల్లి గుండెల మీద పెట్టింది. కొట్టినా తిట్టినా పడదామని తల దించుకుని నిలబడింది.

కామాక్షి పిల్లను ముట్టుకోలేదు. లూర్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"దీనికి పానం ఉందని మీరు చెప్పండి. మీరు చెబితేనే నమ్ముతాను."

"ఉన్నది బిడ్డా" అంది లూర్దమ్మ. కామాక్షి ఇంకా అలాగే చూస్తోంది. "పానమున్నది. పానమున్నది" అంటూ, దారి పొడుగునా అన్న మాట ఒక్కొక్కటీ వెనక్కి తీసుకునేదాకా చెబుతూనే ఉంది. అప్పుడు గాని కామాక్షి చేతులు పిల్ల చుట్టూ పడలేదు.